చెల్లెళ్ళ బ్యాగులో చాకు పెట్టమంటున్న అన్నలకు

పోస్టు కాస్త పెద్దదే. సగం చదివి లైకు కొట్టి పోవద్దు. మొత్తం చదివాక కోపం వస్తే కోప్పడండి, పడతాం.

పోయిన వారం మన అన్న ఒకరు మూడు మడత చాకుల ఫొటోలు పెట్టారు. ఒకటి 349 రూపాయలు, ఒకటి 600 చిల్లర, ఇంకోటి వెయ్యి దాటింది. "అనకాపల్లిలో, విశాఖలో హాస్టళ్ళలో ఉన్న ప్రతి ఆదివాసీ చెల్లి బ్యాగులో ఇలాంటిది ఒకటి ఉండాలి, ఏది మంచిదో చెప్పండి" అని రాశారు. ఇక మొదలైంది. లాక్ ఉన్నది తీసుకోమని ఒకరు, మూడున్నర అంగుళాల బ్లేడు చాలని ఒకరు, నల్లరంగుదైతే లుక్కు బాగుంటదని ఇంకొకరు. ఒక తమ్ముడైతే అల్లూరి బొమ్మ పక్కన చాకు బొమ్మ అతికించి పెట్టాడు. ఇంతమంది ఇన్ని మాట్లాడారు గానీ, ఆ బ్యాగు మోసే మమ్మల్ని ఒక్కరూ ఏటీ అడగలేదు. అందుకే రాస్తున్నాం.

మేమంటే అనకాపల్లిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలం. మాలో కోందులున్నారు, కొండదొరలున్నారు, బగతలున్నారు, కొండ కమ్మరుల పిల్ల ఉంది. టైపు కొడుతున్న చెయ్యి ఒకటే, పక్కన కూర్చుని "ఇది కూడా రాయే" అంటున్నవాళ్ళు ఐదుగురు. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

ముందు ఒక సంగతి. కత్తంటే మాకు భయం అనుకోకండి. అడ్డాకులకి, కట్టెలకి అడవిలోకి వెళ్ళే మా అమ్మల చేతిలో కత్తి లేని రోజు లేదు. జీలుగు చెట్టెక్కే నాన్నల నడుముకి కత్తి. మేం పదేళ్ళకే కత్తి పట్టాం, చీపురు కోశాం, పోడులో తుప్పలు నరికాం. మాలో కమ్మరుల పిల్ల వాళ్ళ తాత కొలిమి దగ్గర తిత్తి ఊదింది. కాబట్టి మడత చాకు గురించి మాకు పాఠం చెప్పేముందు మీలో ఎంతమంది కత్తి పట్టి పని చేశారో చెప్పండి. ఎగతాళికి అనడం లేదు. పట్టినవాళ్ళకి ఆ చాకు ఫొటో చూడగానే అనుమానం వస్తుంది.

అసలు ఈ గోలంతా ఎందుకు వచ్చిందో తెలియనివాళ్ళకి చెబుతాం. మా రూములో అమ్మాయి కంప్యూటర్ క్లాసు అయ్యాక ఏడున్నరకి బస్సు దిగి హాస్టల్‌కి నడిచి వస్తోంది. బైకు మీద ఇద్దరు వచ్చి చున్నీ లాగారు, చెయ్యి వేశారు, "కొండ పిల్లవి, మీకు ఇదంతా మామూలే కదా" అన్నారు. ఆ పిల్ల పుస్తకాల సంచీతో ఒకడి మొహం మీద కొట్టి పరిగెత్తింది. మర్నాడు నలుగురం కలిసి ఒక స్టేషన్‌కి వెళ్ళాం. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న, ఆ టైములో బయట నీకేం పని అని. రెండో ప్రశ్న, బైకు నంబరు రాసుకున్నావా అని. ఒక తెల్లకాగితం మీద రాయించుకుని పంపేశారు. ఎఫ్‌ఐఆర్ కాపీ అడిగితే ముందు విచారణ చేస్తాం అన్నారు. హాస్టల్‌కి వస్తే ఇక్కడ కొత్త రూలు: సాయంత్రం ఆరు దాటితే గేటు వెయ్యడం. చెయ్యి వేసినవాడు బయట తిరుగుతున్నాడు, మేం లోపల. కంప్యూటర్ క్లాసు పోయింది. ఫీజు తిరిగి ఇవ్వరు.

ఆ మంట మీదే మా అన్న చాకుల ఫొటోలు పెట్టారు. ఆయన మనసు మంచిదే. మాకు తెలుసు.

అందుకే ఊరికే వద్దనకుండా తెప్పించాం. ఆరుగురం చందా వేసుకుని 349ది ఆర్డర్ పెట్టాం. ఆదివారం రూములో కూర్చుని పరీక్ష చేశాం. రోజూ కాలేజీకి మోసే సంచీలో, రోజూ ఉండే పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా మధ్య చాకు పడేసి, ఫోన్‌లో టైము పెట్టి తియ్యమన్నాం. మాలో తొందరగా తీసినదానికి 11 సెకన్లు పట్టింది. తీశాక తెరవాలి కదా. గోరు పెట్టి బ్లేడు లాగాలంటే రెండు చేతులూ కావాలి, ఒక చేతిలో సంచీ ఉంది. ఇంకొకత్తె వెనక నుంచి వచ్చి మణికట్టు పట్టుకుంటే చాకు కింద పడింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ పడింది. నవ్వుకున్నాం కూడా. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు.

ఎందుకంటే నాలుగో పరీక్షకి చెరకు గడ తెచ్చాం. బెల్లం ఊరు కదా, చెరకుకి కరువేటి. గడలోకి చాకు గుచ్చి నొక్కితే లాక్ జారింది. ఈ చాకుల్లో లాక్ అంటే లోపల ఒక సన్నరేకు, బ్లేడు తెరుచుకున్నాక దాని వెనక్కి వచ్చి అడ్డం నిలబడుతుంది. చవక సరుకులో ఆ రేకు గట్టిగా నొక్కితే పక్కకి పోతుంది. పోతే బ్లేడు మడత పడేది మన వేళ్ళ మీదే. మా దాని చూపుడు వేలుకి మూడు కుట్లు పడ్డాయి. వాళ్ళమ్మకి ఫోన్‌లో "వంకాయలు తరుగుతుంటే తెగిందమ్మా" అని అబద్ధం చెప్పింది. మన కమ్మరులు కొట్టిన కత్తికి ఈ బాధ లేదు, ఇనుము పిడి లోపలిదాకా దిగి ఉంటుంది, మడత పడదు. కమ్మరుల పిల్ల ఆ చాకుని అటూ ఇటూ తిప్పి చూసి "మా తాత దీన్ని చూస్తే కొలిమిలో పారేస్తాడు" అంది.

వెయ్యి రూపాయలది కొంటే లాక్ ఊడదు కదా అంటారు. ఊడకపోవచ్చు. ఒంటి చేత్తో తెరుచుకునేవి కూడా ఉన్నాయి. సరే, తెరిచాం అనుకోండి. ఎదురుగా ఇద్దరు మగాళ్ళు, మనకి చెయ్యి దూరంలో. మూడున్నర అంగుళాల బ్లేడు పనికి రావాలంటే వాళ్ళని తాకేంత దగ్గరికి మేమే వెళ్ళాలి. పారిపోవాల్సిన దిక్కు వదిలేసి వాళ్ళ దిక్కుకే వెళ్ళాలి. ఒకడు భయపడొచ్చు. ఇంకొకడు చెయ్యి విరిచి లాక్కుంటే అప్పటిదాకా లేని కత్తి ఇప్పుడు వాడి చేతిలో ఉంటుంది. ఆ అన్న ఇచ్చిన కత్తే.

ఇంక మైదానం ఆడపిల్లకి లేని తంటా మాకు ఒకటుంది. నర్సీపట్నం మీదుగా చింతపల్లి వైపు, చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు వైపు తిరిగే బస్సుల్లో గంజాయి తనిఖీలు ఎలా ఉంటాయో మీకు తెలియదా? బస్సులో నలభై మంది ఉంటే ముందు ఎవరి బ్యాగు తెరుస్తారు? మొహం చూసి, మాట యాస విని, "ఏ ఊరు" అని అడిగి, జి.మాడుగుల అనో జీకే వీధి అనో చెప్పగానే జిప్పు లాగమంటారు. సెలవులకి ఇంటికి వెళ్తూ ఆ జిప్పు లాగినప్పుడు పుస్తకాల మధ్య నల్ల చాకు బయటపడితే, "సార్, ఆత్మరక్షణకి" అని చెప్పి చూడండి. కోమటి వీధి అబ్బాయి బ్యాగులో దొరికితే సరదా. మన బ్యాగులో దొరికితే కథ వేరే.

చట్టం ఏమంటుందో లా చదువుతున్న మన అక్కతో కూర్చుని చూశాం. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది, రూల్స్ 2016వి. ఆ రూల్స్‌లో ఆయుధం కింద రాసిన కత్తులు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేడువి. ఇంటి పనికి, సాగు పనికి చేసినవి అందులోకి రావు. కాబట్టి మూడున్నర అంగుళాల చాకు కొనడమే నేరం అని మేం అనడం లేదు, ఆ విషయంలో అన్న రాసింది తప్పు కాదు. ఆయన రాయనిది దాని తర్వాతది. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి నడుస్తోంది. అందులో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అత్యాచారం చెయ్యబోతే, ఎత్తుకుపోబోతే, యాసిడ్ పొయ్యబోతే, ప్రాణానికి ముప్పు ఉంటే, ఎదుటివాడి ప్రాణం పోయినా అది నేరం కాదు అని 38 చెబుతుంది. కానీ 37లో, కాపాడుకోడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చెయ్యకూడదు అని ఉంది. చున్నీ లాగినవాడిని పొడిస్తే అది అవసరమా ఎక్కువా అన్నది ఎవరు తేలుస్తారు? ముందు స్టేషన్, తర్వాత కోర్టు, ఏళ్ళు. 118 సెక్షన్ కింద ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరిస్తే మూడేళ్ళ దాకా, తీవ్ర గాయమైతే ఏడాదికి తగ్గకుండా యావజ్జీవం దాకా. కేసు చివరికి కొట్టేసినా, ఈలోపు టీచర్ పోస్టు వచ్చినా, కానిస్టేబుల్ పోస్టు వచ్చినా వెరిఫికేషన్ ఫారంలో "మీ మీద కేసులు ఉన్నాయా" అనే గడి ఉంటుంది. మా ఇంట్లో మొదటిసారి ఒకరు ఆ ఫారం నింపే దాకా వచ్చాం. ఆ గడిలో ఏం రాయాలో మీరే చెప్పండి.

ఈ దేశంలో ఆయుధం ఉంచుకోడం హక్కుగా ఉన్నవాళ్ళు లేరని కాదు. సిక్కుల కృపాణం గురించి రాజ్యాంగం 25వ అధికరణంలోనే రాసి ఉంది. కొడగులో కొడవలకి తుపాకి లైసెన్స్ నుంచి మినహాయింపు ఉంది, కేంద్రం దాన్ని 2019లో మళ్ళీ పదేళ్ళు, 2029 దాకా పొడిగించింది. బ్రిటిష్ వాడి కాలం నుంచి వస్తున్నది అది. మనకి? అమ్మ కత్తి పొలంలో ఉన్నంతసేపు పనిముట్టు. అదే కత్తి అనకాపల్లి కాంప్లెక్స్‌లో కనిపిస్తే అన్నీ అనుమానాలే. ఇది తప్పు అని మేమూ అంటాం, దీని మీద పోట్లాడదాం అంటే వస్తాం. కానీ ఆ పోట్లాట గెలిచేదాకా ఒక్కో చెల్లినీ ఒక్కో చాకుతో విడివిడిగా పంపించి ప్రయోగం చెయ్యొద్దు.

అల్లూరి బొమ్మ అతికించిన తమ్ముడూ, నీకు. ఆయన సమాధి మన జిల్లాలోనే ఉంది, కృష్ణదేవిపేటలో. వెళ్ళావా ఎప్పుడైనా? 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద పడి ఆయుధాలు పట్టుకెళ్ళారు. దాని వెనక ఏముంది? పోడు కొట్టనివ్వని అడవి చట్టాలు, గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ కూలి ఇవ్వకుండా చేయించిన రోడ్డు పని, ముఠాదారుల నుంచి మామూలు మనుషుల దాకా రగిలిన కడుపు. గంటం దొర ఉన్నాడు, మల్లు దొర ఉన్నాడు, వందల మంది ఉన్నారు. మిరపకాయ టపా పంపి మరీ వచ్చేవాడని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ బొమ్మ పక్కన నువ్వు అతికించింది ఒక షాపింగ్ యాప్ ఫొటో. కింద ఆఫర్ కూడా కనిపిస్తోంది.

ఇప్పుడు అసలు మాట. మన ఆడవాళ్ళకి ఇన్నాళ్ళూ కత్తి లేకనే అన్యాయం జరిగిందా?

వాకపల్లి గుర్తు చేసుకోండి. జి.మాడుగుల మండలం. 2007 ఆగస్టు 20. కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు అక్కలు చెప్పారు. కొండ మీద ఇల్లు, ఆ ఇళ్ళల్లో కత్తుల్లేవా, గొడ్డళ్ళు లేవా? ఉన్నాయి. ఎదురుగా ఉన్నవాడి భుజాన తుపాకి ఉంది, వాడి వెనక ప్రభుత్వం ఉంది. ఆ అక్కలు కత్తి తియ్యలేదు, పాడేరు వచ్చి నోరు విప్పారు. కేసు హైకోర్టుకి పోయింది, సుప్రీంకోర్టుకి పోయింది, 2017లో సుప్రీంకోర్టు విచారణ ఆపనని చెప్పింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలో ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసుల్నీ విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారులు సరిగా దర్యాప్తు చెయ్యలేదని ఆ తీర్పే తప్పు పట్టింది, ఆ అక్కలకి పరిహారం ఇవ్వమంది. దాదాపు 16 ఏళ్ళు. వాకపల్లిలో లేనిది కత్తి కాదన్నా, దర్యాప్తు.

అంతకు ముందు మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ పిల్ల. 1972లో దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లోనే ఆ పిల్ల మీద అత్యాచారం. 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసుల్నీ వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు, ఎదిరించిన గుర్తులు లేవు అన్నది అందులో ఒక కారణం. దాని మీద దేశమంతా గొడవై 1983లో చట్టం మార్చారు. చూశారా, ఎదిరించకపోతే ఎందుకు ఎదిరించలేదని అడుగుతారు. రేపు చాకుతో ఎదిరిస్తే చాకు ఎందుకు పెట్టుకున్నావని అడుగుతారు. రెండు ప్రశ్నలూ మాకే.

మా రూమ్‌మేట్ సంగతిలో ఏం చెయ్యొచ్చో ఇప్పుడు చూద్దాం. మీద చెయ్యి వెయ్యడం సంహితలో 74 సెక్షన్. మన కులం, తెగ ఎత్తి నలుగురిలో తిట్టినా, ఆదివాసీ ఆడపిల్ల ఒంటి మీద అలా చెయ్యి వేసినా 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్ కిందకి వస్తుంది. ఆ చట్టం కేసు అయితే డీఎస్పీకి తగ్గని అధికారి దర్యాప్తు చెయ్యాలి, ముందస్తు బెయిలు ఉండదు. నేరం జరిగింది మా పరిధి కాదు అని స్టేషన్ తిప్పి పంపకూడదు, ఎక్కడైనా ఫిర్యాదు తీసుకోవాలి. 74 లాంటి వాటిలో ఫిర్యాదు నమోదు చెయ్యని ఉద్యోగికి సంహిత 199 కింద ఆరు నెలలకి తగ్గకుండా రెండేళ్ళ దాకా జైలు ఉంది. ఈ ముక్క మా లా అక్క చదివి వినిపించినప్పుడు రూములో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ రోజు స్టేషన్‌లో నలుగురం నిలబడి ఉన్నాం, ఈ ఒక్క నంబరు నలుగురిలో ఎవరికీ తెలియదు. చాకు లాక్ గురించి గ్రూపులో అంత జ్ఞానం ఉంది, 199 గురించి ఒక్క పోస్టు లేదు. అట్రాసిటీ హెల్ప్‌లైన్ 14566 కూడా ఎంతమంది ఫోన్లలో ఉందో చూసుకోండి.

"అయితే ఆ క్షణంలో ఏం చేస్తారు, సెక్షన్ చదువుతారా" అని ఒక అన్న అడుగుతారని తెలుసు. అడగాల్సిందే. ఆ క్షణంలో పరిగెత్తుతాం, అరుస్తాం, సంచీతో కొడతాం, కొరుకుతాం. మెడలో విజిల్ వేసుకుంటున్నాం ఇప్పుడు, పది రూపాయలది. ఇద్దరం కూడబెట్టి కారం స్ప్రే ఒకటి కొన్నాం, దూరం నుంచి కొట్టొచ్చు, కొట్టి పారిపోవచ్చు, ఒకవేళ లాక్కున్నా మనం చావం. 112, శక్తి యాప్ ఫోన్లో ఉన్నాయి, చార్జింగ్ ఉంటే. ఇవన్నీ చాలవని మాకూ తెలుసు. ఇంకో మాట కూడా గట్టిగా చెబుతున్నాం: ఏ చెల్లి అయినా ప్రాణం మీదకి వచ్చినప్పుడు చేతికి దొరికిన దేనితోనైనా కొడితే, అది కత్తే అయినా, మేం ఆమె వెనకే ఉంటాం, కోర్టుకీ వస్తాం. మా తగువు ఆ పిల్లతో కాదు. ముందే ఆమె చేతిలో చాకు పెట్టి "ఇక నీ జాగ్రత్త నీదే" అని చేతులు దులుపుకునే వాళ్ళతో.

అది మీ ఉద్దేశం కాదంటారు. కానీ ఏమైందో వినండి. ఆ చాకుల పోస్టు ఎవరో ఊరి గ్రూపులో వేశారు. మాలో ఒకామె నాన్నకి ఎవరో చదివి వినిపించారు. ఆయనకి చదువు రాదు. రాత్రి తొమ్మిదికి కొండ మీద సిగ్నల్ దొరికే బండ దగ్గరికి వెళ్ళి ఫోన్ చేసి, "కత్తి పెట్టుకుని తిరగాల్సిన ఊళ్ళో నువ్వెందుకమ్మా, వచ్చెయ్" అన్నారు. రెండో సంవత్సరం మధ్యలో ఉంది ఆ పిల్ల. ఇంట్లో సంబంధం కూడా చూస్తున్నారు. వారం నుంచి మేమందరం ఆయనతో మాట్లాడుతున్నాం, మా లెక్చరర్ చేత కూడా మాట్లాడించాం. ఇంకా తేలలేదు. బైకు మీద వచ్చినవాళ్ళు ఒక పిల్ల కంప్యూటర్ క్లాసు ఆపారు. గ్రూపులో పోస్టు ఇంకో పిల్ల డిగ్రీ ఆపేలా ఉంది.

మేం ఏం చేస్తున్నామో చెబుతాం. బస్సు దిగే చోటు నుంచి హాస్టల్ దాకా నడిచి స్తంభాలు లెక్కపెట్టాం. 14 ఉన్నాయి, వెలిగేవి 5. ప్రతి స్తంభం నంబరూ రాసుకున్నాం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద మాకు బస్సు ఉచితం, సంతోషమే, కానీ ఆ బస్సు దింపే చోట దీపం లేదు. అర్జీలో నాలుగు అడిగాం: దీపాలు, సాయంత్రం ట్రిప్పు హాస్టల్ మలుపు దగ్గర ఆగడం, ఆరింటి గేటు రూలు తీసేసి క్లాసులున్నవాళ్ళకి ఎనిమిదిన్నర దాకా రిజిస్టర్‌లో సంతకంతో అనుమతి, ఆ రోజు తెల్లకాగితం మీద ఆగిపోయిన ఫిర్యాదుకి ఎఫ్‌ఐఆర్. నాలుగోది రాయొద్దని, మిగతా మూడూ పోతాయని మాకు సలహా ఇచ్చినవాళ్ళున్నారు. రాశాం.

ఒక ఇబ్బంది ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఏజెన్సీ మండలాలు అల్లూరి జిల్లాలోకి పోయాయి. అనకాపల్లి జిల్లాలో మిగిలిన మన ఊళ్ళు, రోలుగుంట, రావికమతం వైపువి, ఐదో షెడ్యూల్‌లోనే లేవు. ఇక్కడ మనం తక్కువమంది, అర్జీ పట్టుకుని ఆరుగురు ఆడపిల్లలు వెళ్తే వరండాలో కూర్చోబెడతారు. అరవై మంది వెళ్తే అలా కాదు. అన్నలూ, మీరు బస్టాండులో మాకు కాపలా కాయక్కర్లేదు, అదీ మాకు వద్దు. చాకుకి పెట్టే 349 రూపాయలు ఆ నాన్నగారి దగ్గరికి వెళ్ళిరావడానికి ఇద్దరు పెద్దక్కలకి చార్జీ ఇవ్వండి, ఆయన ఫోన్‌లో మాట వినే మనిషి కాదు, ఎదురుగా కూర్చుంటే వింటారు. ఆ రోజు రోడ్డు మీద పాన్ షాపు దగ్గర నిలబడి చూసిన మన తమ్ముడు ఒకడున్నాడని తెలిసింది. వాడు సాక్షిగా వస్తాడా రాడా, ముందు అది కనుక్కోండి.

సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. తొమ్మిదిన్నరకి గేటు దగ్గర ఉంటాం. ఇప్పటికి 43 సంతకాలు అయ్యాయి, కాగితం మా రూములోనే ఉంది. సంతకం పెట్టని వాళ్ళు ఎందుకు పెట్టలేదో ఫోన్‌లో కాదు, వచ్చి మొహం మీద చెప్పండి. ఆధార్ జిరాక్సు ఒకటి తెచ్చుకోండి, లేకపోతే రసీదు దగ్గర తిప్పుతారు.